మడకశిరకు మంచుతో ఏమి పని?

"మడకశిరవాడికి ధ్రువప్రాంతాల చదువెందుకు? వేరుసెనగ సంగతి చూసుకోమనండి." దూరవిద్యలో ఇటువంటి కోర్సు చదువుతామనే పిల్లలకు మన పెద్దలు చెప్పే హితవిది. నా దృష్టిలో ఇది హితవు కాదు, అవివేకం.

వేరుసెనగ సంగతే చూద్దాం. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో సెప్టెంబరు వానే మనకు పెద్ద దిక్కు. ఆర్కిటిక్ ప్రాంతంలోని కారా సముద్రంలో వేసవి మంచు తగ్గటానికీ, మధ్యభారతంలో సెప్టెంబరు అతివృష్టికీ సంబంధమున్నదని గోవాలోని జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు 2021లో సూచించారు. మధ్యభారతమన్నారు, మడకశిర అనలేదు. మరి మన సెప్టెంబరు మాటేమిటి? ఆ ప్రశ్న వేయటానికి గోవాలో పుట్టనక్కరలేదు. మబ్బుకోసం మెడ నొప్పిపుట్టేలా ఆకాశం చూసిన ఇంట పుడితే చాలు.

ఇక రెండవ ఆక్షేపణ: తెలుగులో ఆ శాస్త్రానికి మాటలు లేవట! ఆర్కిటిక్ అన్న పేరు గ్రీకుల 'ఆర్క్‌టోస్' నుండి వచ్చింది. ఎలుగుబంటి అని అర్థం. ఉత్తరాకాశంలోని ఆ ఎలుగుబంటి చుక్కలనే మనం సప్తర్షులంటాం. వారిని పూర్వం ఋక్షాలనేవారని శతపథ బ్రాహ్మణం చెబుతున్నది. ఋక్షమన్నా ఎలుగుబంటే, రెండు మాటలూ ఒకే మూలానివి. ధ్రువం, హిమానీనదం అన్నవి మన పాఠ్యపుస్తకాలలో ఎప్పటినుండో ఉన్నాయి. లేనివి మాటలు కావు, వ్రాసే పూనిక.

1982 జనవరి 9న ఖాసిం గారి నాయకత్వంలో మనవారు మొదటిసారి అంటార్కిటికాపై కాలుమోపారు. ఆ సంవత్సరమే ఆగస్టులో హైదరాబాదులో దేశంలోని తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది; అదే నేటి అంబేద్కర్ విశ్వవిద్యాలయం. నాలుగు దశాబ్దాలు దాటినా ఈ రెంటినీ కలిపిన తెలుగు పాఠ్యపుస్తకం ఒక్కటీ నా కంటబడలేదు. 2001లో మొదలైన ఆర్కిటిక్ విశ్వవిద్యాలయ కూటమి ఇంటర్నెట్‌లో పాఠాలు చెబుతున్నదిగా అంటారు. సంతోషమే, ఇంగ్లీషు వచ్చినవారికి.

మంచు చూడకుండా మంచు చదువేమిటనేవారికొక మాట. చంద్రుని గురించి పాఠం చెప్పిన మేమెవరమూ చంద్రునిపైకి పోలేదు. సముద్రపు మంచు విస్తీర్ణాన్ని 1979 నుండి ఉపగ్రహాలు కొలుస్తూనే ఉన్నాయి. ఆ లెక్కలు చూడటానికి ఎవరూ రుసుము అడగరు.

కోరేది పెద్ద వరమేమీ కాదు. ఆరునెలల సర్టిఫికెట్ కోర్సు, తెలుగులో. పరీక్షాకేంద్రం హిందూపురంలో పెట్టండి, మా పిల్లలు బస్సెక్కి వస్తారు.