కమ్మరి కుమారుని పియానో

పియానోను జూచువారికి నునుపైన కొయ్యపెట్టెయు, వరుస దీరిన తెలుపు నలుపు మెట్లును మాత్రమే కానవచ్చును. ఆ నాదమునకు ఆధారమైన యినుము లోపల దాగియుండును. దాని నందు కుదుర్చుటకు మిక్కిలి పాటుపడినవాడు అమెరికా దేశీయుడగు జోనస్ చికరింగు.

ఇతడు 1798వ సంవత్సరమున న్యూహాంప్‌షైరు రాష్ట్రమున జన్మించెను. తండ్రి కమ్మరి. కుమారుడు మాత్రము వడ్రంగమున జేరి, బల్లలు, బీరువాలు చేయుట నేర్చెను. ఆ దినములలోనే యూరిలో జెడియున్న యొక పియానోను విప్పి బాగుచేసెను. నాటినుండి యాతని మనస్సు ఆ వాద్యముపై లగ్నమయ్యెను. 1818లో బోస్టను నగరము చేరి, పియానోలు చేయువారియొద్ద పని నేర్చి, 1823లో నొక భాగస్వామితో గూడి సొంత కర్మశాల నెలకొల్పెను.

నాటి పియానోల చట్రములు కొయ్యవి. వీణె తంత్రులను బిగించు సోదరీమణులకు తంత్రి లాగుడు ఎట్టిదో తెలియును. నేటి పెద్ద పియానోలో తంత్రులు సుమారు 230. వాని బిగువంతయు గూడినచో 20 టన్నులకు దగ్గరగ నుండును. నాటి వాద్యములలో బిగువు ఇంతకంటె తక్కువయే. అయినను తేమకు ఉబ్బి, పొడిగాలికి ముడుచుకొను కొయ్య దానికి తాళలేక వంగెడిది. శ్రుతి నిలిచెడిది కాదు.

1825లో ఆల్ఫియస్ బాబ్‌కాకు అను నాతడు ఒకే పోతగా పోసిన యినుప చట్రమునకు పేటెంటు పొందెను. పిమ్మట నాతడు చికరింగు కర్మశాలలోనే పనిచేసెను. చికరింగు ఆ పద్ధతిని వృద్ధిచేసి, చదరపు పియానోకు 1840లోను, గ్రాండు పియానోకు 1843లోను పేటెంట్లు పొందెను. ఇనుము తోడగుటచే తంత్రులను మరింత లావుగను, బిగువుగను అమర్చ వీలయ్యెను. శ్రుతి నిలిచెను, నాదము గంభీరమయ్యెను.

1852 డిసెంబరులో నాతని కర్మశాల అగ్నికి ఆహుతియయ్యెను. అప్పటికి వయస్సు 54 ఏండ్లు. అయినను నిరాశ చెందక, ట్రెమాంటు వీథిలో నంతకంటె పెద్ద కర్మశాలను కట్టింప నారంభించెను. అది పూర్తికాకమున్నే, 1853 డిసెంబరులో, గతించెను. కుమారులు దానిని ముగించి తండ్రి వృత్తిని సాగించిరి. ఆ కట్టడము నేటికిని నిలిచియున్నది. ఇప్పుడందు జనులు కాపురముండుచున్నారు.

ఇక నెక్కడనైన పియానో నాదము వినినపుడు, ఆ తంత్రుల బిగువును మోయుచున్న యినుమును, దానికై పాటుపడిన కమ్మరి కుమారుని స్మరింతురుగాక.