చేతులు మారక మునుపు

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల ప్రజలకు సవినయముగా చేయు విజ్ఞప్తి.

మూడవ కాన్పునను ఆడబిడ్డయే కలిగిన పేదతల్లి, పాత చీరతో కట్టిన ఉయ్యాలలోని పసికందును చూచి కన్నీరు పెట్టుకొనుచుండగా, ఎరిగినవారెవరో మెల్లగా వచ్చి "పట్నంల పిల్లలు లేనోళ్లున్నరు, మంచిగ సాదుకుంటరు, నీకూ ఇంత ఖర్చులకిస్తరు" అని చెవిలో వేయుట మన పల్లెలలోను తండాలలోను ఎన్నడును విననిది కాదు. పిదప నొక బాండు కాగితము, ఇద్దరి సాక్షి సంతకములు, తెల్లవారకముందే కదలిపోవు ఆటో; ఇంతటితో కార్యము ముగిసినదని తలంతురు. సొమ్ము చేతులు మారినచోట ఆ కాగితము శిశువిక్రయమునకు సాక్ష్యమగునే కాని దత్తతకు ఆధారము కానేరదు. ఆ నేరమునకు అయిదేండ్ల వరకు కఠిన కారాగారము కలదు. మనకు దవ్వుకాని నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతపు తండాలలో దారిద్ర్యమే మూలముగా పసిబిడ్డలు విక్రయింపబడిన యుదంతము 1999లోను, మరల 2001లోను రచ్చకెక్కి, నాటి ప్రభుత్వమును కదలించినది.

ఇట్టి తల్లికి చట్టము మూసిన ద్వారము కన్న తెరచిన ద్వారమే పెద్దది. 2015 నాటి బాలల న్యాయ చట్టము ననుసరించి జిల్లాకొక బాలల సంక్షేమ సమితి యుండవలయును. అధ్యక్షులొకరు, నలుగురు సభ్యులు, వారిలో ఒకరైనను స్త్రీ. మేజిస్ట్రేటునకుగల యధికారములు దానికి గలవు. పెంచజాలని తల్లి తానుగా ఆ సమితి యెదుట బిడ్డను అప్పగింపవచ్చును. అప్పగించిన పిమ్మట మనసు మార్చుకొనుటకు ఆమెకు అరువది దినముల గడువు గలదు. బిడ్డ శిశుగృహములో నుండును; గుండె ఒప్పకున్నచో తిరిగి తెచ్చుకొనవచ్చును. దళారి ఆరు గడియల గడువైన నిచ్చునా? పేదరికము చేత బిడ్డను విడుచుకొనిన తల్లిని పోలీసులు పట్టుకొనిపోవుదురను భయమే మన ఆడపడుచులను ఆ దళారివైపు నెట్టుచున్నదని నా నమ్మకము. ఆ భయము నిరాధారము.

సమితి పనియు సులభమైనది కాదు. దొరికిన బిడ్డను ప్రయాణకాలము మినహా ఇరువది నాలుగు గంటలలో దానియెదుట నిలుపవలెను. పలిమెల, మహదేవపురము వైపు అడవిపల్లెలనుండి భూపాలపల్లికి వచ్చువారికి ఆ ప్రయాణకాలమనగా నేమో తెలియును. బిడ్డ యింటి పరిస్థితిని విచారించి నివేదిక వ్రాయు జిల్లా బాలల పరిరక్షణ విభాగపు ఉద్యోగులు పెక్కురు కాంట్రాక్టు పద్ధతిపై పనిచేయువారు. కొత్తచోట కుర్చీ యంచున కూర్చుండి, ఇచ్చిన బిస్కత్తు పొట్లమును విప్పక పిడికిట బిగించి, పేరడిగినను నోరు మెదపని పిల్ల యెదుట ఏ దస్తావేజు పనికివచ్చును? ఆ పిల్ల ఊరేదో, తనవారెవరో చెప్పగలవారు ఊరివారే. పెద్దమనుషులు "మన గడపలోనే సర్దుకుందాం" అని సాక్షులను వెనుకకు మరలించినపుడు, అంతయు నెరిగిన సమితియు ఏమియు నెరుగనట్లే కూర్చుండవలసి వచ్చును. బాల్యవివాహపు ముచ్చటయు, మిర్చి ఏరుటకు బడి మానిపించిన పిల్లల ముచ్చటయు ఇట్లే గ్రామము దాటక ముగియుచున్నవి.

కావున నా ప్రార్థన యింతమాత్రమే. అంగన్‌వాడి టీచరమ్మలు, ఆశా కార్యకర్తలు, ఆటో నడుపు తమ్ముళ్లు, సర్పంచులు, ముఖ్యముగా పురిటింటికి పోవు పెద్దమ్మలు, బిడ్డను ఇచ్చివేయు మాట చెవిని బడిన నాడే, బిడ్డ ఊరు దాటక మునుపే, బాలల సహాయవాణి 1098కి ఫోను చేయుడు. పగలనక రేయనక అది పలుకును, పైకము పడదు. ముళ్లపొదలోనో రైల్వే ప్లాట్‌ఫారము మీదనో బిడ్డ దొరికినచో, ఎంత ముద్దు వచ్చినను ఇంటికి గొనిపోయి దాచుకొనకుడు. ఇరువది నాలుగు గంటలలో తెలుపకుండుట నేరము. ఆ బిడ్డ రెండేండ్ల లోపుదైనచో, తన వారికొరకు సమితి వెదకవలసిన గడువు రెండు మాసములు. మీరు దాచిన ప్రతిదినమును ఆ వెదకులాటకు నష్టమే.