దాహం వేయని ఆడవాళ్ళు

ప్రయాణం అనగానే మగవాళ్ళు కిలోమీటర్లు లెక్కపెడతారు. మనం మంచినీళ్ళు లెక్కపెడతాం. ఎన్ని గుక్కలు తాగితే ఎంతదూరం దిగకుండా వెళ్ళవచ్చో మన ఆడవాళ్ళకు తెలిసినంత కచ్చితంగా ఏ ఇంజనీరుకూ తెలియదు. నవ్వకండి. నవ్వులాటకు రాస్తున్నది కాదు.

మొన్న దసరా సెలవుల్లో ఉదయగిరి కొండల దగ్గర్నుంచి మైపాడు సముద్రం దాకా కారులో వెళ్ళాం. మావారు, అత్తగారు, అబ్బాయి, పదో తరగతి చదివే మా అమ్మాయి, నేను. నెల్లూరు జిల్లా పడమటి కొస నుంచి తూర్పు కొసకి, 125 కిలోమీటర్లకు అటూ ఇటూగా. కొండ, మెట్ట, నది, మాగాణి, సముద్రం ఒక్క పూటలో వరసగా కనిపిస్తాయి. ఊటీ, కొడైకెనాల్ అంటూ పరుగెత్తే మనం చూడవలసిన దారే.

ఉదయగిరి దుర్గం మూడువేల అడుగుల పైమాట. శ్రీకృష్ణదేవరాయలంతటివాడు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో గానీ గజపతుల నుంచి దాన్ని గెలవలేకపోయాడు. కొండకింద ఊళ్ళో ఆడవాళ్ళు చెక్కతో గరిటెలు, చెంచాలు, దువ్వెనలు చేస్తారు. వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నేను గరిటె బేరమాడుతుంటే ఆ చెక్కే ఆవిడ లేచి, "ఎండన పడొచ్చినావు, నీళ్ళు తాగు తల్లీ" అని చెంబు అందించింది. "వద్దమ్మా, దాహంగా లేదు" అన్నాను. శుద్ధ అబద్ధం. నీళ్ళ విలువ తెలిసిన మెట్ట ఊళ్ళో ఆవిడ పెట్టిన చెంబెడు నీళ్ళు కాదన్నాను. ఎందుకో మీకు చెప్పాలా?

ఆత్మకూరు చేరేలోగా మావారు, అబ్బాయి కారాపి తుమ్మచెట్ల చాటుకు వెళ్ళొచ్చి, "అబ్బ, ఏం గాలి!" అన్నారు. మేం ముగ్గురం కారులోనే కూర్చుని వాళ్ళకు పులిహోర పొట్లాలు విప్పాం. అత్తగారు బి.పి. మాత్ర చేతిలోకి తీసుకుని, "ఊరు చేరాక వేసుకుంటాలే" అని మళ్ళీ సంచిలో పెట్టేశారు. మాత్రకు నీళ్ళు కావాలిగా!

సోమశిలకు వెళ్ళి పెన్న మీది ఆనకట్ట చూశాం. 78 టి.ఎం.సి.ల నీళ్ళు పట్టే జలాశయం. అంత నీటి ఎదుట నిలబడి నాలుకతో పెదవులు తడుపుకున్నాను. తిరుగుదారిలో ఒక పెట్రోలు బంకులో 'స్త్రీలకు' అని బోర్డు కనిపిస్తే ప్రాణం లేచివచ్చింది. తలుపుకి తాళం. "చెవి ఓనరుగారి దగ్గరుందండీ" అన్నాడు కుర్రాడు. బంకుల్లో మంచినీళ్ళు, మరుగుదొడ్డి ఉచితంగా ఉండాలన్నది చమురు కంపెనీల నిబంధనే. తాళానికి నిబంధనలు తెలియవు కాబోలు.

"ఇంకెంత, గంటలో నెల్లూరేగా!" అన్నారు మావారు. సంగం దగ్గర 2022లో ప్రారంభమైన బ్యారేజీ, కాలవలు, పొలాలు అన్నీ చూపించారు. కిటికీలోంచి నేను వెతుకుతున్నది మాత్రం తలుపున్న ఒక చిన్న గది.

2014లో స్వచ్ఛ భారత్ వచ్చాక ఇంటింటికీ మరుగుదొడ్డి అన్నారు. మంచిదే. ఇల్లు దాటిన ఆడదాని సంగతేమిటి? రోడ్లు వెడల్పు చేశారు, కూడళ్ళలో విగ్రహాలు నిలబెట్టారు. మనం దిగే చోటు ఎవరి పద్దులోనూ లేదు.

"మా రోజుల్లో ఎడ్లబండి మీద రోజంతా పోలేదా?" అంటారు పెద్దవాళ్ళు. నిజమే. బండి ఆగమన్నచోట ఆగేది. దారి పక్కన చెట్టూ చేమా ఉండేవి. గంటకు ఎనభై కిలోమీటర్లు పోయే కారుకు అంత దయ లేదు.

తప్పంతా ఎదుటివాళ్ళదేనా? ఇన్ని నవలలు రాశాను. నా నాయికలు రైళ్ళెక్కారు, బస్సులెక్కారు, ప్రేమకోసం రాత్రంతా ప్రయాణాలు చేశారు. ఒక్కర్తీ ఒక్కసారైనా "కాస్త ఆపండి" అనలేదు. అనడానికి నేనే సిగ్గుపడ్డాను.

మైపాడు నుంచి వచ్చిన మూడోరోజు మా అమ్మాయికి చలిజ్వరం. మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు డాక్టరుగారు. "నీళ్ళు సరిగా తాగవా తల్లీ?" అని అడిగితే అది నా వంక చూసి, "ప్రయాణంలో తాగొద్దని అమ్మే చెప్పింది" అంది.

ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. మా అమ్మ నాకు నేర్పిన ఓర్పునే నేను దానికి నేర్పాను. అది ఓర్పు కాదు, రోగం.

అందుకని అంటున్నాను. ఈసారి ప్రయాణానికి పులిహోర కలిపేముందు, "దారిలో మేం దిగే చోటు ఎక్కడ?" అని అడగండి. నలుగురిలో, గట్టిగా అడగండి. బంకుకి తాళం ఉంటే, చెవి వచ్చేదాకా కారు కదలనివ్వకండి. సీసా నిండా నీళ్ళు తీసుకువెళ్ళండి. తీసుకువెళ్ళి, తాగండి.

ఉదయగిరి ఆవిడకు నేనొక చెంబెడు నీళ్ళు బాకీ ఉన్నాను. మళ్ళీ వెళ్ళి తాగి వస్తాను.