కారుకి కవరు కప్పేస్తే సరిపోతుందా?

సంక్రాంతికి శృంగవరపుకోట వెళ్ళాను. తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా, విశాఖపట్నం నుంచి అరకు వెళ్ళే దారిలో, ఘాట్ రోడ్డు ఎక్కేముందు తగులుతుంది మా ఊరు. అందరూ ఎస్.కోట అంటారు. నేను హైదరాబాదులో కోడ్ రాసుకుంటూ ఉంటాను. అమ్మానాన్న ఊళ్ళోనే ఉంటారు. వాళ్ళ కోసమని కొన్న చిన్న పెట్రోలు కారు పెరట్లో మామిడిచెట్టు కింద ఉంటుంది.

గతేడాది ఫిబ్రవరిలో ఆ కారుకి ఒక కవరు ఆర్డర్ చేసి పంపాను. ఏ కవరు కొనాలని పెద్దగా ఆలోచించలేదు. అన్నిటికన్నా మందంగా ఉన్నదీ, పైన 'వాటర్‌ప్రూఫ్' అని రాసి ఉన్నదీ చూసి నొక్కేశాను. ఎండకీ వానకీ ఇక ఢోకా లేదనుకున్నాను.

భోగి రోజున కవరు తీసి చూద్దును కదా, బానెట్ అంచుల్లో, డిక్కీ మూలల్లో రంగు పాలిపోయి ఉంది. దగ్గరికెళ్ళి చూస్తే వేలకొద్దీ సన్నటి గీతలు. పైకప్పు మీద తెల్లటి గుండ్రటి మచ్చలు, రుద్దినా పోవు. రెండు వేలు పెట్టి కొన్న కవరు చేసిన పని ఇది. నాన్న మీద విసుక్కున్నాను కూడా. ఆ విసుగుకి వచ్చిన జవాబు తరవాత చెప్తాను. ముందు ఆ గీతల సంగతి చూద్దాం.

కారు రంగు మీద చివరగా ఒక పారదర్శకమైన పొర ఉంటుంది, క్లియర్ కోట్ అంటారు. మెరుపూ అదే, ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి లోపలి రంగుకి కాపలా కూడా అదే. దాని మందం సుమారు 40-50 మైక్రాన్లు. మన తలవెంట్రుక అంతకన్నా లావు. ఇక దుమ్ములో ఉండే ఇసుక రేణువు క్వార్ట్జ్. గాజు మీద కూడా గీత పెట్టగలదు. దుమ్ముపట్టిన కారు మీద కవరు వేసి గాలికి వదిలేశామంటే, ఉప్పుకాగితం పట్టుకుని రాత్రీ పగలూ రుద్దే మనిషిని జీతానికి పెట్టుకున్నట్టే. గీతలు అంచుల్లోనే ఎక్కువ ఎందుకున్నాయంటే, కవరు బిగుసుకుని రాసుకునేది అక్కడే కాబట్టి.

మా కారు విషయంలో దీనికి మామిడిచెట్టు కూడా తోడైంది. పూతకాలంలో తేనెమంచు పురుగు పడుతుంది కదా, అది విసర్జించే తియ్యటి జిగురు చుక్కలు చుక్కలుగా కింద పడుతుంది. ఆ జిగురుకి ఎర్రమట్టి దుమ్ము అంటుకుంటుంది. కారు మీద అదంతా ఉండగానే పైన కవరు! నేను కవరు పంపిందీ సరిగ్గా ఆ ఫిబ్రవరిలోనే.

మరి తెల్ల మచ్చలు? నాన్న శుభ్రమైన మనిషి. బోరు నీళ్ళతో కారు కడిగి, ఆరకముందే కవరు వేసేవారు. నీరు ఆవిరైపోతే అందులోని లవణాలు రంగు మీదే మిగిలిపోతాయి. పైగా ప్లాస్టిక్ లాంటి వాటర్‌ప్రూఫ్ కవరు ఆవిరిని బయటికి పోనివ్వదు. పగలు వేడికి నేల నుంచి లేచిన చెమ్మ రాత్రి చల్లబడి కవరు లోపలివైపు నీటిబొట్లుగా మారి, మళ్ళీ కారు మీదే పడుతుంది. బయట వాన ఆగిపోయినా లోపల ఆగదన్నమాట :)

అలాగని కవరు పనికిరానిదని అనను. పక్షిరెట్ట ఆమ్లగుణం ఉన్నది. ఎండకి క్లియర్ కోట్ మెత్తబడి కాస్త వ్యాకోచిస్తుంది, చల్లబడేటప్పుడు ఆ రెట్ట చుట్టూ బిగుసుకుని శాశ్వతంగా మచ్చ పడుతుంది. మామిడికాయ సొన చర్మాన్నే కాలుస్తుంది, రంగుని వదులుతుందా? ఎండ సరేసరి. వీటన్నిటినీ కవరు ఆపుతుంది. కాకపోతే శుభ్రంగా, పొడిగా ఉన్న కారు మీద వేసినప్పుడే. ఆ రెండూ కుదరని రోజున కవరు వెయ్యకపోవడమే మేలు. వట్టి దుమ్ము దానంతటదే గీతలు పెట్టదు, పైన ఏదో ఒకటి కదిలితేనే పెడుతుంది.

ఇప్పుడు నాన్న చెప్పిన జవాబు.

"గీతల సంగతి సరే గానీ, ఆగస్టులో ఓ రాత్రి మీ అమ్మకి ఆయాసం వచ్చింది. జోరున వాన. తడిసిన కవరు ఎంత బరువుంటాదో నీకేటి తెలుసు? తాళ్ళు విప్పి అది తియ్యడానికే పావుగంట పట్టింది. తీరా చూస్తే కారు స్టార్టవ్వలేదు. ఎదురింటి ఆటో కుర్రాణ్ణి లేపి విజయనగరం తీసుకెళ్ళాను."

నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే ఏటి చేస్తావురా, హైదరాబాదులో కూర్చుని?"

అమ్మ ఇప్పుడు బాగానే ఉంది. కానీ ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

కారు ఎందుకు స్టార్టవ్వలేదో లెక్క కట్టడం మాత్రం నాకొచ్చు. కారు ఆపేసి ఉన్నా అలారం, గడియారం, లోపలి కంప్యూటరు కలిసి 30-40 మిల్లీ యాంపియర్లు లాగుతూనే ఉంటాయి. 24 గంటలకి దాదాపు 1 యాంపియర్ అవర్. చిన్న కారు బ్యాటరీ 35 యాంపియర్ అవర్లది. మూడు నాలుగు వారాలు కదలకపోతే, అందులోనూ పాత బ్యాటరీ అయితే, ఇంజను తిప్పే శక్తి మిగలదు. కవరు రాకముందు నాన్న వారానికి రెండుసార్లైనా బజారుకి కారు తీసేవారట. వచ్చాక, తియ్యడం కష్టం, ఒక్కరే మళ్ళీ వెయ్యడం ఇంకా కష్టం అని స్కూటరు మీద వెళ్ళిపోయేవారు. అంటే రంగు కాపాడదామని నేను పంపిన వస్తువు కారునే మూలన కూర్చోబెట్టింది.

మన వృత్తిలో ఇది తెలిసిన తప్పే. రోజూ బ్యాకప్ తీస్తాం, రిపోర్టులో పచ్చరంగు చూసి నిద్రపోతాం. ఒక్కసారి కూడా రీస్టోర్ చేసి చూడం. సర్వరు పడిపోయిన రాత్రి తెలుస్తుంది అసలు సంగతి. కవరు కింద కారు కూడా అంతే. తీసి చూడనంత కాలం భద్రంగానే కనిపిస్తుంది.

అందుకని నా అభిప్రాయం సూటిగా చెప్తాను. బయట నిలిపే కారుకి నీడ మొదటి మందు, కవరు రెండోది. పెద్దవాళ్ళు ఒక్కరే వేసి తీయలేని కవరు అసలు కొనొద్దు. నాలుగువైపులా గాలి ఆడే రేకుల షెడ్డు ఉంటే చెమ్మ నిలవదు, రాపిడి ఉండదు, తాళం తిప్పి బయల్దేరడమే. అయితే మనది తుఫానుల సీమ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసిందో ఇటువైపు వాళ్ళెవరూ మర్చిపోరు. రేకుల్ని హుక్కులతో గట్టిగా బిగించాలి, షెడ్డు చెట్టుకి దూరంగా కట్టాలి.

కవరే గతి అనుకునేవాళ్ళు ఇవి పాటించండి:

గాలి ఆడే పొరల గుడ్డతో, లోపలివైపు మెత్తగా ఉండేది, మీ మోడల్ కొలతకి సరిపోయేది తీసుకోండి. వదులుగా ఉన్నది గాలికి కొట్టుకుంటుంది.

కడిగి, తుడిచి, పూర్తిగా ఆరాక, ఇంజనూ పొగగొట్టమూ చల్లారాకే వెయ్యండి. కొత్తగా పెయింటు వేయించిన కారైతే కనీసం ఒక నెల ఆగండి.

వేసేటప్పుడు ఈడ్చొద్దు. పైకప్పు మీద పెట్టి రెండువైపులా విప్పండి. తీసేటప్పుడు అంచుల నుంచి పైకి మడవండి, దుమ్మున్న వైపు లోపలివైపుకి తగలకూడదు. కవరుని కూడా అప్పుడప్పుడు ఉతకాలి.

కొబ్బరితాడుతో బంపరు చుట్టూ కట్టొద్దు, కింద నుంచి వచ్చే పట్టీలు చాలు. పెనుగాలి హెచ్చరిక ఉంటే తీసేయడమే నయం.

వాన వెలిసి ఎండ రాగానే తీసి ఆరబెట్టండి. వారానికోసారి తీసి అరగంట నడపండి. వైర్లు కొరికే ఎలుకలు కాపురం పెట్టాయేమో కూడా అప్పుడే తెలుస్తుంది.

పండగ సెలవు రెండు రోజులు పొడిగించి షెడ్డు వేయించి, బ్యాటరీ మార్పించి వచ్చాను. గీతలు అలాగే ఉన్నాయి. పాలిష్ పెడితే ఆ పల్చటి పొర ఇంకాస్త అరుగుతుందని వదిలేశాను. నాన్న మళ్ళీ బజారుకి కారులోనే వెళ్తున్నారు.

మీ ఊళ్ళో కూడా ఇంటిముందు కవరు కింద ఒక కారు ఉండే ఉంటుంది. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు, భోజనం చేశారా అని అడిగాక, కారు చివరిసారి ఎప్పుడు తీశారో కూడా అడగండి.