ఏం పని చేస్తావని అడగండి

మార్కాపురం పలక మీద ఓనమాలు దిద్దనివాళ్లు మా తరంలో అరుదు. ఆ పలకలు కోసే మా బాబాయి సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా బూడిదరంగు పొడే. దగ్గు ముదిరితే టీబీ మందులు రాశారు. ఏం పని చేస్తావని మాత్రం ఎవరూ అడగలేదు. రాతిపొడిలోని సిలికా పీల్చితే వచ్చే సిలికోసిస్‌కీ టీబీకీ లక్షణాలు దగ్గరే. సిలికా పట్టిన ఊపిరితిత్తులకు టీబీ తొందరగా సోకుతుంది కూడా. మూతికి తువ్వాలు చుట్టుకుంటే ఆగే దుమ్ము కాదది. రంపం మీద నీళ్లు పడుతుండాలి. సిలికోసిస్ డాక్టరు ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. చిన్న షెడ్డుల్లో ఆ ఊసెవరికి? రాజస్థాన్ 2019లో బాధితులకు పరిహారం, పింఛను ఇచ్చే విధానం తెచ్చింది. మన సర్కారూ తేవాలి. ముందు ఓపీ చీటీలో వయసు పక్కన వృత్తి రాయించండి.