కాళ్లకు దండం పెడితే సరిపోతుందా?

వృద్ధుల మీద వ్యాసం అనగానే మనలో చాలామంది 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంతో మొదలుపెడతాం. తర్వాత 41వ అధికరణం, చివర్లో ‘మన సంస్కృతి గొప్పది’. ఈసారి కోల్‌కతా నుంచి మొదలుపెట్టి చూడండి.

అక్కడ దశమి నాడు దుర్గ ప్రతిమల నిమజ్జనం అయ్యాక ‘బిజోయా’ పలకరింపులు మొదలవుతాయి. చిన్నవాళ్లు పెద్దల ఇళ్లకు వెళ్లి కాళ్లకు దండం పెడతారు. పెద్దలు దీవించి కొబ్బరి లడ్డూలు పెడతారు. 2021లో యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కిన ఆ పండుగలో, పందిళ్ల కంటే నాకు ఇదే నచ్చుతుంది. అయితే దండం అందరికీ ఒకటే. ఎవరు ఏం చేశారో అది చెప్పదు.

దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి లక్షల మంది శరణార్థులు వచ్చారు. ఎన్నో ఇళ్లలో పెద్ద కూతుళ్లు ఉద్యోగానికి వెళ్లి సంసారం లాగారు. రిత్విక్ ఘటక్ ‘మేఘే ఢాకా తారా’ (1960)లో నీత అలాంటి అమ్మాయే. ఆమె జీతం ఇంటిల్లిపాదికీ కావాలి, ఆమె సంగతి దాదాపు ఎవరికీ పట్టదు. మనకైతే ‘అంతులేని కథ’ (1976) గుర్తొస్తుంది.

అలాంటి మేనత్త మన ఇళ్లలోనూ ఉంటుంది. పెళ్లిలోనో షష్టిపూర్తిలోనో ఆమెకు చీర పెడతాం, ఫొటో దిగుతాం, భోజనాల వైపు నడుస్తాం. నా దృష్టిలో మెచ్చుకోలు అంటే చేసిన పనిని పేరుపెట్టి చెప్పడం. “అత్తయ్యా, నాన్న డిగ్రీ ఫీజు నువ్వే కట్టావట కదా” అని పదిమందిలో అనండి. “ఎందుకులే ఇప్పుడవన్నీ” అంటుంది. తర్వాత అరగంట చెబుతుంది. ఆ అరగంటా కూర్చోవాలి, ఫోన్ చూడకుండా. (కొందరికి పాత కష్టాలు నలుగురిలో తవ్వడం నచ్చదు. వాళ్లను ముందే విడిగా అడగడం మంచిది.)

ఇది మర్యాద విషయమే, చట్టం ఉందిగా అంటారా? ఆ చట్టంలో పోషణ అంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం. పిల్లలు లేని వృద్ధులు బంధువును పోషణ అడగాలంటే, ఆ బంధువు వారి ఆస్తిని అనుభవిస్తూనైనా ఉండాలి, వారి తర్వాత దానికి వారసుడైనా కావాలి. సంపాదించిందంతా తమ్ముళ్ల చదువులకే పెట్టేసిన అత్తయ్య దగ్గర ఆస్తి ఎక్కడిది? ఆ చట్టం కింద ఆమె మేనల్లుణ్ణి అడగలేదు. ఆమెకు మిగిలింది వాళ్ల జ్ఞాపకమే. ఎథిక్స్ పేపర్‌లో ఇదే కేస్ స్టడీగా వస్తే, ఆ మేనల్లుడి స్థానంలో మీరు ఏం రాస్తారు?