ఎనభైకి ముందున్న ఆడవాళ్ళెక్కడ?

ఆడవాళ్ళ కథలు ఎందుకు తియ్యరని సినిమా వాళ్ళని అడిగినప్పుడల్లా మనకి మూడే మూడు జవాబులు వస్తుంటాయి. బడ్జెట్ పెద్దది, రిస్కు తీసుకోలేం. హీరో అభిమానులు ఒప్పుకోరు. నిడివి ఇప్పటికే మూడు గంటలయింది, ఇంక చోటెక్కడుంది? ఈ మూడు సాకుల్లో ఒక్కటీ చెల్లని చోటు ఒకటి ఈ మధ్య తెలుగు సినిమాకి దొరికింది. పెద్ద సినిమాకి ముందో వెనకో, ఆ సినిమా లోకాన్ని మరికాస్త పెంచుతూ ఓటీటీల్లో వస్తున్న యానిమేషన్ కథలవి. వాటిలో కాల్షీట్ల గొడవ లేదు. థియేటర్లో ఈలలు వెయ్యాల్సిన అభిమాని లేడు. గీసేటప్పుడు కారుకొక రేటు, నెలలు నిండిన ఆడమనిషికొక రేటు ఉండవు. అందుకే అక్కడ ఎవరిని గీశారో చూస్తే చాలు, వాళ్ళ ఊహలో ఎవరికి చోటుందో తెలిసిపోతుంది.

2024 మే 31న అమెజాన్ ప్రైమ్‌లో ‘బుజ్జి అండ్ భైరవ’ వచ్చింది. జూన్ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’కి అది ముందుకథ. రెండు భాగాలు. బొమ్మలు చేసింది హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్, ‘ఛోటా భీమ్’ని మన ఇళ్ళలోకి తెచ్చిన సంస్థ. కథంతా భైరవ అనే వేటగాడిదీ, అతని కారుదీ. ఆ కారుని నడిపించే కృత్రిమ మేధకి పేరు బుజ్జి, గొంతు కీర్తి సురేష్‌ది. ఆడగొంతు ఉంది, ఆడమనిషి లేదు. ఆ గొంతుకి చక్రాలు తగిలించి, హీరో పక్కన తోడుగా, అతని తిక్కని భరిస్తూ, అప్పుడప్పుడూ ఎదురు జవాబు చెప్తూ తిరగమన్నారు. సరదాగానే ఉంటుంది. నేనూ నవ్వాను. నా అభ్యంతరం హాస్యం మీద కాదు.

అసలు సినిమా లోకం ఎలాంటిదో గుర్తు చేసుకోండి. గంగ ఎండిపోయిన కాశీ. దాని నెత్తిన తలకిందుల పిరమిడ్‌లా వేలాడే కాంప్లెక్స్. నీళ్ళూ పచ్చదనమూ అన్నీ పైన, దుమ్మూ ఆకలీ కింద. పైన కూర్చున్న సుప్రీం యాస్కిన్ బతకడానికి కావలసిన ద్రవాన్ని గర్భిణుల కడుపుల్లోంచి తీస్తారు. దానికోసం ఆడవాళ్ళని పట్టి తెచ్చి, నంబర్లు వేసి, ప్రయోగశాలలో పెడతారు. దీపికా పదుకోణ్ వేసిన పాత్ర పేరు ఎస్‌యూఎం-80. సుమతి అన్న పేరు ఆమెకి బయటపడ్డాకే వస్తుంది. అంటే ఈ లోకం మొత్తం నిలబడింది ఆడవాళ్ళ గర్భసంచుల మీద. హీరో మిలియన్ యూనిట్లు సంపాదించి పైకి పోవాలని కలలు కంటున్నాడే, ఆ పైలోకం నడుస్తున్నది కూడా వాటి మీదే. పితృస్వామ్యాన్ని ఇంత బాహాటంగా, ఇంత పచ్చిగా బొమ్మ కట్టిన తెలుగు వాణిజ్య సినిమా నాకు ఇంకోటి తెలీదు. ఆ ఊహ చేసినందుకు నాగ్ అశ్విన్‌ని మెచ్చుకోవాలి.

మరి ఆ లోకం గురించి ఇంకా చెప్పడానికి ప్రత్యేకంగా ఒక కిటికీ తెరిచినప్పుడు అందులోంచి మనకి చూపించింది ఏమిటి? కారు!

ఇలాంటి కిటికీని ఎలా వాడుకోవచ్చో తెలియజేసే ఉదాహరణ 2003లోనే ఉంది. ‘మేట్రిక్స్’ సినిమాల లోకాన్ని విస్తరిస్తూ వచ్చిన ‘ది యానిమేట్రిక్స్’ అనే తొమ్మిది లఘుచిత్రాల సంపుటి. ఎక్కువ భాగం జపాన్ యానిమేషన్ దర్శకుల పని. తొమ్మిదింటిలో నియో ఎక్కడా హీరో కాడు. ‘సెకండ్ రినైసెన్స్’ అన్న రెండు భాగాల్లో, సినిమాలో మనం శత్రువులనుకున్న యంత్రాల గతం చెప్తారు. బి1-66ఇఆర్ అనే పనిమనిషి యంత్రం తనని పారెయ్యబోయిన యజమానిని చంపుతుంది, చావాలని లేక చంపానంటుంది. ఆ పేరులో రిచర్డ్ రైట్ 1940 నాటి నవల ‘నేటివ్ సన్’లోని నల్లజాతి కుర్రవాడు బిగ్గర్ థామస్ వినిపిస్తాడని విమర్శకులు ఎప్పుడో పట్టుకున్నారు. బానిసత్వపు చరిత్రని తెచ్చి యంత్రాల కథకి అతికించి, మూడు సినిమాల నైతిక లెక్కని తిరగేసిన పని అది. సినిమాలో కాల్పులు జరుగుతున్నంతసేపూ కుదరనిది పక్కగదిలో కుదిరింది.

నాకు వీటన్నిటికంటే ఇష్టమైంది కోజి మోరిమోతో తీసిన ‘బియాండ్’. యోకో అనే అమ్మాయి తప్పిపోయిన పిల్లిని వెతుక్కుంటూ వెళ్ళి ఒక పాడుబడిన ఇంటికి చేరుతుంది. అక్కడ లోకపు నియమాలు చెడిపోయి ఉంటాయి. పగిలిన సీసా అతుక్కుంటుంది, పైనుంచి దూకిన పిల్లలు నేలకి తగలకుండా ఆగుతారు. వీధి పిల్లలకి అదొక ఆటస్థలం. తర్వాత అధికారులు వచ్చి అందరినీ తరిమేసి ఆ చోటుని పార్కింగ్ స్థలం చేస్తారు. అంతే కథ. లోకాన్ని రక్షించడం, ఎంపికైన వీరుడు, ఇవేవీ లేవు. ఒక ఆడపిల్లా, పిల్లీ, ఎండలో ఒక మధ్యాహ్నం. కానీ మేట్రిక్స్ అంటే ఏమిటో ఆ కాసేపట్లో నాకు తెలిసినంతగా సినిమాల్లో తెలియలేదు.

ఆ సంపుటిని నెత్తిన పెట్టుకోమని నేననను. మొదటి చిత్రం ‘ఫైనల్ ఫ్లైట్ ఆఫ్ ది ఒసైరిస్’ కత్తిసాములో బట్టలు తెగి ఊడిపోవడంతో మొదలవుతుంది. ‘సెకండ్ రినైసెన్స్’లో ఆడరూపం ఉన్న యంత్రాన్ని నడివీధిలో మగవాళ్ళు చితక్కొట్టే దృశ్యాన్ని కెమెరా ఎంతసేపు, ఎందుకు చూస్తుందో నాకు ఇప్పటికీ సమాధానపడదు. అయినా ఆ తొమ్మిదింటి వెనక ఒక తెగింపు ఉంది: మన వీరుడి కళ్ళతో కాకుండా చూస్తే ఈ లోకం ఎలా ఉంటుంది అని అడిగే తెగింపు. మనవాళ్ళ బొమ్మల కథల్లో లేనిది అదే.

కోపం ఎందుకంటే ఈ నాగ్ అశ్విన్, ఈ వైజయంతీ మూవీస్, ఈ కీర్తి సురేష్ కలిసే 2018లో ‘మహానటి’ ఇచ్చారు. ఒక ఆడమనిషి పనినీ, పతనాన్నీ మూడు గంటలు నడిపారు, జనం చూశారు, ఆమెకి జాతీయ అవార్డు వచ్చింది. చేతకాని వాళ్ళయితే నేనింత రాసేదాన్ని కాదు.

‘బాహుబలి’ సంగతి ఇంకా విచిత్రం. 2017లో ‘ది లాస్ట్ లెజెండ్స్’, 2024లో ‘క్రౌన్ ఆఫ్ బ్లడ్’, రెండూ యానిమేషన్ సిరీస్‌లు, రెండూ అన్నదమ్ముల వీరగాథలే. శివగామి చిన్ననాటి కథ మీద ఆనంద్ నీలకంఠన్ 2017లో నవల రాశారు. దాని ఆధారంగా సిరీస్ తీస్తున్నట్టు నెట్‌ఫ్లిక్స్ 2018లో ప్రకటించింది. కొంత చిత్రీకరణ జరిగింది, ఆగింది, పక్కన పడింది, మనదాకా రానేలేదు. మగవాళ్ళ ఉపకథలు రెండూ పూర్తయ్యాయి, ఆడమనిషి ఉపకథ డబ్బాల్లో మిగిలింది. యాదృచ్ఛికమే అంటారు. ఆడవాళ్ళకి జరిగే యాదృచ్ఛికాలన్నీ ఒకే వైపుకి ఎందుకుంటాయో!

ఇవన్నీ ఒక సెమినార్‌లో చెప్తే ఒక పెద్దావిడ, స్వయంగా స్త్రీవాద విమర్శకురాలు, “ఇంత చదువుకుని పిల్లల బొమ్మల మీద పేపరేంటమ్మా?” అన్నారు. ఆ మాట మన పత్రికల్లో చాలామంది అనుకుంటారనే ఇక్కడ రాస్తున్నాను. పిల్లలవి కాబట్టే ముఖ్యం. ఏ పిల్లలవి అని కూడా అడగాలి. ‘ఛోటా భీమ్’లో చుట్కీకి ఏం పని? ఆమె ఇంటి లడ్డూలు తిని భీముడు బలవంతుడవుతాడు. ఆరేళ్ళప్పుడు లడ్డూ అందించిన పిల్ల పదహారేళ్ళకి బుజ్జి గొంతుగా మారింది. మనం నవలల్లో, కవిత్వంలో ఇంత శ్రద్ధగా వెతికిన ఆధిపత్యం, పిల్లల చేతుల్లోని ఫోన్లలో తిరుగుతుంటే తల తిప్పుకోవడం ఎలాంటి విమర్శ?

నేను పుట్టింది మార్కాపురంలో. 1970లో కొత్త జిల్లా చేసినప్పుడు మా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలని కర్నూలు నుంచి తీసి కలిపారు. అప్పట్నుంచీ ఒంగోలు వాళ్ళకి మేం పడమటోళ్ళం. కల్కి సినిమాలో ఎండిన కాశీని చూసి నగరాల్లోని స్నేహితులు ‘ఎంత భయంకరమైన భవిష్యత్తు’ అన్నారు. మా ఊళ్ళలో అది గతం. ఫ్లోరైడ్ నీళ్ళు, నోరెండిన బోర్లు, ట్యాంకరు దగ్గర వరస. వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన జరిగింది, సొరంగాల ప్రారంభోత్సవం 2024 మార్చిలో జరిగింది. మధ్యలో ఇరవై ఎనిమిదేళ్ళు. ఆ శంకుస్థాపన నాడు పుట్టిన ఆడపిల్లలు ప్రారంభోత్సవం నాటికి పిల్లల తల్లులయ్యారు, చంకన బిందె దిగలేదు. అందుకే సినిమాలో కరువుని చూసినప్పుడు నా కళ్ళు బిందెల కోసం వెతికాయి. నీళ్ళు లేని ఊళ్ళో నీళ్ళు తెచ్చేది ఎవరు? ఆ పని చూపించకుండా కరువుని చూపిస్తే అది సెట్టింగే అవుతుంది.

మా పక్కనే కంభం చెరువు ఉంది. గుండ్లకమ్మకి అడ్డంగా, కొండల సందులో కట్ట వేసి నిలిపిన చెరువు. కట్టించింది వరదరాజమ్మ అనే రాణి అని చెప్పుకుంటారు. 2020లో దాన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించారు కూడా. ఆమె మీద బొమ్మల సినిమా ఎవరు తీస్తారు?

ఇదేం కొత్త కోరిక కాదు. 1905లో రొకేయా సఖావత్ హుసేన్ ‘సుల్తానాస్ డ్రీమ్’ రాసింది. అచ్చయింది మద్రాసు నుంచి వచ్చే ‘ఇండియన్ లేడీస్ మ్యాగజీన్’లో. సంపాదకురాలు మన తెలుగామె, కమలా సత్యనాథన్. ఆ కథలో మగవాళ్ళు ఇంట్లో పరదాల వెనక ఉంటారు, ఆడవాళ్ళు సూర్యుడి వేడితో వంట చేస్తారు, విశ్వవిద్యాలయపు ఆడవాళ్ళు పెద్ద బెలూను కట్టి మేఘాల నుంచి కావలసినంత నీళ్ళు దించుకుంటారు. నూటఇరవై ఏళ్ళ కిందటే మన పక్కనే కూర్చుని ఒక ఆడమనిషి సైన్స్ ఫిక్షన్‌లో నీళ్ళ సమస్య తీర్చేసింది. ఆ కథ ఆధారంగా 2023లో యానిమేషన్ సినిమా కూడా వచ్చింది. తీసింది స్పెయిన్‌కి చెందిన ఇసబెల్ హెర్‌గేరా. ఇంతమంది యానిమేటర్లున్న హైదరాబాదుకి ఆ ఆలోచన ఎందుకు రాలేదో అడగాల్సింది ఎవరిని?

కిందటి వేసవిలో మార్కాపురంలో మా పెద్దమ్మ వాళ్ళ మిద్దె మీద, ఇంటరూ డిగ్రీ చదివే పన్నెండు మంది ఆడపిల్లలతో నాలుగు రోజులు కథలు రాసుకున్నాం. ముందు ‘కల్కి’, తర్వాత ‘బుజ్జి అండ్ భైరవ’, ఆ తర్వాత ‘బియాండ్’ చూశాం. గిద్దలూరు వైపు నుంచి వచ్చిన పిల్ల ఒకతి అంది: “అక్కా, ఆమెది ఎనభయ్యో నంబరంటే, ముందు డెబ్భై తొమ్మిది మంది ఏమైపొయినట్టు?” నేను చదివిన సమీక్షల్లో ఈ ప్రశ్న లేదు. సరే, మీరే రాయండి అన్నాను.

రాశారు. మగపిల్లాడి వేషంలో తిరిగే రాయా మొదటిసారి బయట చేరితే ఎవరికి చెప్పుకుంటుంది అని ఒకతె రాసింది. తల్లి పలకల యూనిట్లో పనిచేసిన పిల్ల, కాంప్లెక్స్ వాళ్ళ యూనిట్లనీ మా ఊరి పలకల యూనిట్లనీ కలిపేసింది. రోజుకి ఎన్ని పలకలకి చెక్క బిగించారన్నదే తప్ప పేర్లు అడగని చోట, పక్కనున్నామెని మెల్లిగా పేరడిగే కథ. ఇంకొకతె బుజ్జి చేత పేరు మార్పించింది. పెద్దదాన్నయ్యాను, బుజ్జీ అనొద్దంటుంది కారు. ఇద్దరు మరియమ్ ముత్తవ్వల గురించి రాశారు, తరతరాలుగా ఎదురు చూడటం కూడా చాకిరీయే అంటూ. డెబ్భై తొమ్మిదో నంబరు తల్లి కూతుర్ని వెతుక్కుంటూ వెళ్ళే కథ అన్నిటికంటే పొడుగు. పదహారు పేజీలు. అందులో ఆమె కాంప్లెక్స్ గోడ దాకా వెళ్తుంది, లోపలికి పోదు, అక్కడే పొయ్యి పెట్టుకుని కూర్చుంటుంది. రోజూ ఇంకో తల్లి వచ్చి పక్కన కూర్చుంటుంది.

‘కల్కి’ రెండో భాగానికి మరియు దాని ముందో వెనకో వచ్చే బొమ్మల కథలకి రచయితలు కావాలంటే ఆ నోటు పుస్తకాలు నా దగ్గరున్నాయి. పన్నెండు కథల్లో పదకొండింట భైరవ లేడు. పన్నెండోదాంట్లో ఉన్నాడు, నీళ్ళ ట్యాంకరు డ్రైవరుగా. వరసలో ఉన్నవాళ్ళ చేత తిట్లు తింటున్నాడు.